దేవుళ్లను కూరకుండ చుట్టూ కూర్చోబెట్టిన ఆట

యముడనగానే అందరికీ కైకాల సత్యనారాయణ గుర్తొస్తాడు. 1977 'యమగోల', 1994 'యమలీల' నేనూ కడుపుబ్బ నవ్వుతూ చూసినవే. అయినా ఊరూరా యక్షగానం ఆడే చిందోళ్ల 'సతీ సావిత్రి' చూసినవాడికి ఆ యముడు కొంచెం చప్పగానే తోస్తాడు. ఇద్దరు పట్టిన తెర వెనక మొదట గజ్జె మోగుతుంది. కిరీటం కొస మాత్రం పైకి కనిపిస్తుంది. ముందు వరస పిల్లలు తల్లి కొంగు దొరకబుచ్చుకుంటారు. ఆ దడ తగ్గకముందే హాస్యగాడు దూకుతాడు. నేను చూసిన ఆటలో వాడు చిత్రగుప్తుడి చిట్టాను పట్వారీ పహాణీ చేసి, ఒకరి ఆయుష్షు ఇంకొకరి పేర ఎందుకెక్కించావని యముణ్నే నిలదీశాడు. వాడంతా గొల్లున నవ్వింది.

చిందు అసలు పదునంతా మాదిగల కులపురాణమైన జాంబపురాణంలో ఉంది. నల్లగొండ, పాలమూరు మాదిగ వాడలకు చిందోళ్లొస్తే ఆ ఆట ఆడి తీరాలి. అది వాళ్ల మిరాసి. 'త్యాగం' పేరుతో వాడ ఇచ్చే ప్రతిఫలం వాళ్ల హక్కు, బిచ్చం కాదు. జాంబవంతుడు, బ్రాహ్మణుడు ఎదురెదురు నిలబడి ఎవరు ముందు పుట్టారని తగువు పడతారు. భూమికంటే ఆరు నెలల ముందే పుట్టానంటాడు జాంబవంతుడు. ఆ మాటకు ముందు తాళం ఆగాలి, మద్దెల ఆగాలి, అవతలివాడి నోట మాట ఆగాలి. ఒక్క క్షణం తొందరపడితే నవ్వు రాదు. ఆ ఆపును పట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది.

తర్వాత కామధేనువు కథ. దాని మాంసం తినాలని దేవతలకే నోరూరుతుంది. వండే పని చెన్నయ్య అనేవాడిది. కూర ఉడుకుతుంటే ఒక ముక్క నేల పడుతుంది. చెన్నయ్య దాన్ని ఎత్తి, ఉఫ్‌మని దుమ్ము ఊది, మళ్లీ కుండలో వేస్తాడు. అంతే, కూర ఎంగిలైందని చెన్నయ్యకు శాపం! ఆవును తినబోయిన పెద్దలకు ఊపిరి మాత్రం మైలైంది. నవ్వుతూ నవ్వుతూ ఉన్న మనిషి గొంతులో ఏదో అడ్డుపడే చోటు ఇదే. ఇంత పెద్ద మాటను ఇంత చిన్న 'ఉఫ్'లో పెట్టిన నాటకకర్త ఇంకొకడు నాకు కనబడలేదు.

కిరీటాలు, భుజకీర్తులు పొణికి కర్రవి, ముఖానికి అర్దళం రంగు. ఆ కిరీటాలు ముత్తాతల నాటివని చెబుతారు. మగవేషాలు కట్టి మెప్పించిన చిందు ఎల్లమ్మ నిజామాబాద్ వైపు మనిషి. 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్యది జనగామ. నల్లగొండ, పాలమూరు వైపు మా చిందోళ్లకు అంత పేరు రాలేదు. వాళ్ల ఆట తక్కువదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడేమో అట్ట కిరీటం పెట్టుకుని, రికార్డు పాటకు నాలుగు గంతులేసి దాన్నే చిందంటున్నారు. సభల్లో పది నిమిషాలిస్తారు, అందులోనూ కూరకుండ ఘట్టం వద్దంటారు. అది తీసేస్తే జాంబపురాణంలో మిగిలేది వేషమే. అలా కోసిన ఆటకు చప్పట్లు కొట్టడం నాకు చేతకాదు.

కోతలైనంక మీ ఊరికి చిందోళ్లొస్తే త్యాగం దగ్గర బేరమాడకండి. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. జాంబపురాణం మొత్తం ఆడమనండి, చెన్నయ్య ఊదేదాకా లేవకండి.