వార్డులోనే చదువు

చర్చి ఆసుపత్రుల్లో నర్సు చదువు ఎక్కువగా వార్డులోనే సాగింది. కొత్తగా చేరిన అమ్మాయికి ముందు మంచం సర్దడం నేర్పేవారు. తర్వాత లేవలేని రోగికి మంచం మీదే ఒళ్లు తుడవడం, జ్వరం చూసి చార్టులో రాయడం, బెడ్‌పాన్ పెట్టడం, పుండు కడిగి కట్టు కట్టడం. పొద్దున్న పాఠంలో విన్నదాన్ని మధ్యాహ్నం సిస్టర్ కళ్లెదుట చేసి చూపాలి. చేయి తిరిగాకే ఇంకొక పని అప్పగించేవారు. ఈ క్రమమే ఆ శిక్షణకు ప్రాణం.

ఆ చదువుకు మొదట్లో అమ్మాయిలు దొరకడమే కష్టమైంది. పరాయివాళ్ల మలమూత్రాలు, నెత్తురు ముట్టుకోవడం చాలా కుటుంబాలకు మైల. రాత్రి డ్యూటీ అంటే ఇంకా భయం. అందుకే మిషన్ బోర్డింగ్ స్కూళ్లలో చదువుకున్న క్రైస్తవ అమ్మాయిలు, దిక్కులేని వితంతువులు ముందుగా చేరారు. సమాజం చులకనగా చూసిన పనిని వాళ్లు గౌరవమైన వృత్తిగా నిలబెట్టారు. వాళ్ల పేర్లు చరిత్ర పుస్తకాల్లో చాలా తక్కువగా కనిపిస్తాయి.

తెలుగునాట ఈ కథకు గుంటూరు ముఖ్యమైన చోటు. అమెరికా లూథరన్ మిషన్ డాక్టరు అన్నా సారా కుగ్లర్ 1883లో అక్కడికి వచ్చారు. 1898లో స్త్రీల ఆసుపత్రి తెరిచారు. డాక్టరు ఎంత నిపుణురాలైనా ఆపరేషన్ తర్వాత రాత్రంతా కనిపెట్టుకుని ఉండే చేతులు లేకపోతే రోగి దక్కదు. పైగా తెలుగులో మాట్లాడి ధైర్యం చెప్పగలిగినవాళ్లు కావాలి. అందువల్ల స్థానిక స్త్రీలకు శిక్షణ ఇవ్వక తప్పలేదు.

అదే ఊరికి 1920లో ఆస్ట్రేలియా డాక్టరు మేరీ గ్లోరీ వచ్చి, జీసస్ మేరీ జోసెఫ్ సభలో సన్యాసినిగా చేరారు. అప్పటికి కతోలిక సన్యాసినులు వైద్యం చేయడానికి చర్చి నియమాలు అడ్డు. ఆమెకు పోపు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. 1936లో రోమ్ ఆ అడ్డు తొలగించాక సన్యాసినులకు ప్రసూతి వైద్యం కూడా నేర్చుకునే దారి తెరుచుకుంది. గ్లోరీ స్థానిక స్త్రీలను మందులు కలిపే పనిలో, కాన్పు పనిలో, నర్సింగ్‌లో తీర్చిదిద్దారు. 1943లో ఆమె స్థాపించిన కతోలిక ఆసుపత్రుల సంఘానికి ఇప్పుడు ప్రధాన కార్యాలయం తెలంగాణలోనే ఉంది.

ఒక్కో ఆసుపత్రి తన ఇష్టప్రకారం నేర్పితే సర్టిఫికెట్‌కు బయట విలువ ఉండదు. అందుకే మిషన్ ఆసుపత్రులు కలిసి ఉమ్మడి పరీక్షల బోర్డులు పెట్టుకున్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో నర్సులు, మంత్రసానుల రిజిస్ట్రేషన్ చట్టం 1926లో, దేశమంతటికీ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947లో వచ్చాయి. పల్లెలకు అవసరమైన ఏఎన్ఎం (సహాయక నర్సు-మంత్రసాని) కోర్సు 1951లో పంజాబ్‌లోని తరన్ తారన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో మొదలైంది.

ఆసుపత్రిలోనే స్త్రీలకు నర్సింగ్ నేర్పే ఈ ఆలోచన కలకత్తా భవానీపూర్‌లో చర్చి గోడలు దాటింది. అక్కడి తన ఇంటిని స్వాతంత్ర్యోద్యమ నాయకుడు చిత్తరంజన్ దాస్ స్త్రీల సేవకు రాసిచ్చారు. 1925లో ఆయన పోయాక గాంధీ చందాలు పోగుచేశారు. మరుసటి ఏడు అక్కడ మొదలైన చిత్తరంజన్ సేవాసదన్ లక్ష్యాల్లో స్త్రీలకు వైద్యంతో పాటు నర్సుల శిక్షణ కూడా ఉంది. 1932లో అదే పేటలో తల్లీబిడ్డల కోసం రామకృష్ణ మిషన్ శిశుమంగళ్ ప్రతిష్ఠాన్ వెలిసింది. మతం వేరైనా పద్ధతి ఒకటే కావడం గొప్ప సంగతి.

ఈ పద్ధతిలో ఒక ప్రమాదం కూడా మొదటి నుంచీ ఉంది. విద్యార్థినులు ఉంటే జీతపు నర్సులను తగ్గించుకోవచ్చు. డబ్బు చాలని ఆసుపత్రికి అది పెద్ద ఆశ. నేర్పే సిస్టర్ పక్కన ఉన్నప్పుడు వార్డు బడి అవుతుంది. లేనప్పుడు అది వట్టి చాకిరీ. రాత్రి వార్డును ఒక్క విద్యార్థినికి వదిలేసే ఆసుపత్రి చర్చిదైనా, సర్కారుదైనా, ప్రైవేటుదైనా దానికి నర్సింగ్ స్కూలు నడిపే అర్హత లేదు.