చేప దవడ సంగతి సైట్లో ఏదీ?

పొందూరు ఖాదీ అమ్మడానికి వెబ్‌సైటు పెట్టిన మా మేనల్లుడు ఈ వారం కళింగపట్నం వచ్చాడు. లైట్‌హౌస్ దగ్గర కూర్చున్నామన్న మాటే గానీ వాడి చూపంతా ఫోన్లోనే. "మావయ్యా, గూగుల్ యాడ్స్‌కి డబ్బులు పోస్తన్నాను. జనం వస్తన్నారు, చూస్తన్నారు, పోతన్నారు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మంచి సరుకుకి ప్రకటన దేనికని నేను పాడే పాట ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు.

సైటు తెరిచాను. పైన 'ప్రీమియం కాటన్ కలెక్షన్'. పొందూరు పేరు ఎక్కడో అడుగున. వాలుగ చేప దవడ ఊసే లేదు! ఆ దవడకున్న సన్నటి పళ్లతో గింజని అంటుకున్న పత్తిని దువ్వుతారు. నలుసులు పోయి పీచు వరసకొస్తుంది. తర్వాత గింజ తీసి, దూది ఏకి, ఏకులు చుట్టి, నలగకుండా ఎండిన అరటి దొప్పలో దాస్తారు. ఒంటి కదురు రాట్నం మీద నూరో నంబరు సన్న నూలు తీస్తారు. ఆ నూలు వడికే ఆడవాళ్లలో చాలామందికి వయసు మీదపడింది. ఇంత పనినీ 'ప్రీమియం' అన్న ఒక్క ముక్కలో చుట్టేస్తే కొనేవాడికి ఏం తెలుస్తుంది?

కోప్పడుతూనే మాటల్లో గాంధీగారి దగ్గరికి వచ్చాను. ఆయన కొడుకు దేవదాస్‌ని పొందూరు పంపించి, ఆ పని చూసి రమ్మన్నారు. 'యంగ్ ఇండియా'లో ఆ బట్ట గురించి రాశారు. అంత మంచి బట్టకీ పత్రికలో చెప్పేవాళ్లు కావలసివచ్చింది మరి. యాడ్స్ మానెయ్యమని చెబుదామనుకున్నవాణ్ని, మానొద్దన్నాను.

కానీ 'కాటన్ చీరలు' అన్న మాట కోసం గూగుల్ ప్రకటనల వేలంలో పెద్ద కంపెనీలతో పోటీపడితే వీడి డబ్బు నిలవదు. అయితే మనం పాడిన ధర ఒక్కటే గూగుల్ చూడదు. మనిషి వెతికిన మాటకీ, ప్రకటనకీ, నొక్కితే తెరుచుకునే పేజీకీ పొంతన ఉందా అని కూడా లెక్కేస్తుంది. 'పొందూరు పంచె', 'అసలు ఖాదీ గుర్తుపట్టడం ఎలా' అని వెతికేవాళ్లు కొద్దిమందే కావచ్చు, వాళ్లు మాత్రం కొనే మనసుతో వస్తారు. వాళ్లకి జవాబిచ్చే పేజీ తెలుగులోనూ ఉండాలి. యాడ్స్ డబ్బు అయిపోయిన మర్నాడూ ఆ పేజీ వెతుకులాటలో కనబడే వీలుంటుంది.

వాడు పొందూరు బయల్దేరాడు. దవడతో దువ్వడం వీడియో తియ్యమన్నాను, ముందు ఆ దువ్వేవాళ్లని అడిగి. ప్రతి పంచె ధర కిందా నూలు నంబరు, నేసిన ఊరు రాయమన్నాను.