ఓడ దిగిన యాత్రికుని జిద్దా

విహారనౌక దిగి నాలుగు గంటలలో ఒక నగరమును చూచి వ్రాసిన వృత్తాంతములను మేము కొంత శంకతోనే చదువుదుము. మక్కాకు రేవైన జిద్దా విషయమున ఈ శంక మఱింత బలపడును.

అచ్చటి పాతపేటయగు అల్-బలద్‌లోని ప్రాచీన గృహములు ఎఱ్ఱసముద్రపు పగడపురాతితో కట్టినవి. వీథివైపునకు పొడుచుకొని వచ్చిన కొయ్యజాలకములను రోషనులందురు. వీనిని అంతఃపురస్త్రీల చెఱకు గుర్తులుగా మాత్రమే వర్ణించుట యాత్రికులకు పరిపాటి. మేమును చాలకాలము అట్లే నమ్మితిమి. అవి మఱుగు కల్పించుట నిజమే. కాని ఎండ నాపి గాలిని లోనికి రానిచ్చునవియు అవియే.

వస్త్రధారణ విషయమునను ఇట్టి చిక్కే కలదు. 2019లో సౌదీ ప్రభుత్వము పర్యాటక వీసాలను ప్రారంభించుచు, విదేశస్త్రీలకు అబాయా నిర్బంధమును తొలగించి, ఒడలు కప్పు మర్యాదవేషమును మాత్రము కోరినది. ఆ తరువాతి వృత్తాంతములోను పాతమాటయే కనబడినచో, అది చూచి వ్రాసినదో చదివి వ్రాసినదో విమర్శకుడు విచారింపవలెను.