ఆగమనకాల ఆరాధనలో నిరీక్షణ, ఆనందం: తెలుగు బైబిల్ పదజాలం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలతో కూడిన ఆగమనకాలాన్ని క్రైస్తవ సంఘాలు ఆనందానికీ నిరీక్షణకూ సంబంధించిన కాలంగా పాటిస్తాయి. ఇంకా రాని దానిని గురించి ఆనందించడం ఎలా సాధ్యమన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి పాత తెలుగు అనువాదంలోని ‘నిరీక్షణ’, ‘కనిపెట్టు’ అనే పదాలను, మూడో ఆదివారపు పఠనాలను, మరియ స్తుతిగీతంలోని క్రియల కాలాన్ని ఆధారంగా చేసుకొని, ఆగమనకాలపు ఆనందం బాధను మరచిన ఆనందం కాదని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: ఆగమనకాలం, నిరీక్షణ, కనిపెట్టు, రాకడ, మరియ స్తుతిగీతం, యాకోబు పత్రిక.

1. ఉపోద్ఘాతం:

పాశ్చాత్య క్రైస్తవ సంప్రదాయంలో ఆరాధన సంవత్సరం ఆగమనకాలంతో ఆరంభమవుతుంది. మొదటి ఆదివారం నవంబరు 27, డిసెంబరు 3 తేదీల మధ్య వస్తుంది. లాటిన్‌లో దీని పేరు ‘అద్వెంతుస్’, అంటే రాక. ఈ రాకకు రెండు ముఖాలున్నాయి. ఒకటి బేత్లెహేములో జరిగిన జననం; రెండవది యుగాంతంలో జరగవలసిన రాక. రెండవదానిని తెలుగు బైబిల్ ‘రాకడ’ అంటుంది. జరిగిపోయినదానిని స్మరిస్తూ, జరగవలసినదానికోసం ఎదురుచూడడం ఈ కాలపు స్వభావం.

తెలుగు ప్రాంతాల్లో డిసెంబరు ఆరంభం నుంచే ‘సెమీ క్రిస్మస్’ వేడుకలు జరగడం ఇప్పుడు మామూలు విషయం. పండుగ ముందుకు జరిగినకొద్దీ ఎదురుచూపుకు చోటు తగ్గుతుంది. దీనిని ఆచారవ్యవహారాల్లో వచ్చిన చిన్న మార్పుగా భావించవచ్చు. కాని ఆగమనకాలపు ఆనందం క్రిస్మస్ ఆనందానికి ముందస్తు రూపమా, లేక వేరే రకమైన ఆనందమా అన్న ప్రశ్న ఇందులో ఇమిడి ఉంది.

2. చూపుతో ముడిపడిన పదాలు:

గ్రీకు నూతన నిబంధనలోని ‘ఎల్పిస్’ అనే పదాన్ని తెలుగు అనువాదకులు ప్రధానంగా ‘నిరీక్షణ’ అన్నారు. విశ్వాసం, ప్రేమలతో కలిపి పౌలు చెప్పిన మూడింటిలో (1 కొరింథీ. 13:13) కనిపించే మాట ఇదే. నేటి వ్యవహారంలో ‘నిరీక్షణ’ అంటే ఎదురుచూపు మాత్రమే. క్రైస్తవ తెలుగులో అది ఎదురుచూపును, రాబోయే మేలుపై నమ్మికను కలిపి చెబుతుంది. ‘ఆశ’ను అనువాదకులు పూర్తిగా విడిచిపెట్టలేదు, 130వ కీర్తనలో అది కనిపిస్తుంది. అయితే తెలుగులో ఆశకు కోరిక, పేరాశ అనే ఛాయలున్నాయి. నిరీక్షణకు అవి లేవు.

పాత నిబంధనలో ఇందుకు సమాంతరమైన మరో పదం ‘కనిపెట్టు’. నేటి పాఠకునికి దీని అర్థం కొత్తదానిని కనుగొనడం, లేదా దాగినదానిని పసిగట్టడం. 27వ కీర్తన చివరి వచనంలో మాత్రం అది జాగరూకతతో ఎదురుచూడడాన్ని సూచిస్తుంది. అక్కడి హీబ్రూ ధాతువు ‘ఖావా’. ‘ఆశాభావం’ అనే అర్థంలో వాడే ‘తిఖ్వా’ అనే హీబ్రూ నామవాచకం దానినుంచే వచ్చింది. అంటే ఎదురుచూపు, ఆశాభావం ఒకే ధాతువులో ఇమిడి ఉండడం హీబ్రూ లక్షణం. తెలుగు ‘నిరీక్షణ’ ఈ విషయంలో హీబ్రూ భావానికి చేరువగా ఉంది.

ఇంతకంటె గమనార్హమైన విషయం మరొకటి ఉంది. ‘నిరీక్షణ’లో ఈక్షణం, ‘కనిపెట్టు’లో కన్ను, ‘ఎదురుచూచు’లో చూపు ఉన్నాయి. రోమీయులకు రాసిన పత్రికలో (8:24-25) పౌలు వాదమంతా కనబడేది, కనబడనిది అన్న భేదంపై నడుస్తుంది. కనబడినదానిని నిరీక్షించవలసిన పని లేదన్నది ఆయన తర్కం. తెలుగు పాఠంలో నిరీక్షించడం, కనిపెట్టడం అనే రెండు క్రియలూ ఇక్కడ పక్కపక్కనే వస్తాయి. చూడనిదానివైపు నిలిపిన చూపే నిరీక్షణ అన్న అర్థం మూలంలోని క్రియలకంటె తెలుగు క్రియల్లో స్పష్టంగా పలుకుతుంది. 130వ కీర్తనలోని కావలివాడు ఉదయాన్ని ఇంకా చూడలేదు. అయినా ఉదయం వస్తుందా రాదా అన్న సందేహం అతనికి లేదు. ఆగమనకాలపు ఆనందానికి మూలం ఈ నిశ్చయమే.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఇక్కడ అష్టవిధ నాయికల్లోని వాసకసజ్జిక గుర్తుకు రావడం సహజం. ప్రియుని రాక నిశ్చయమని తెలిసి ఇంటినీ తననూ అలంకరించుకొనే ఆమె ఆనందం రాకకు ముందే మొదలవుతుంది. ఆగమనకాలంలోని సన్నాహమూ అటువంటిదే. కాని వాసకసజ్జిక ఎదురుచూపు ఏకాంతంలో సాగేది. సంఘపు ఎదురుచూపు సామూహికమైనది. పైగా ఇక్కడి సన్నాహం అలంకరణతో ముగియదు. బాప్తిస్మమిచ్చు యోహాను మాటల్లో అది రెండు అంగీలున్నవాడు లేనివానికి ఒకటి ఇవ్వడం, సుంకరులు నిర్ణయించినదానికంటె ఎక్కువ వసూలు చేయకపోవడం, సైనికులు ప్రజలను బెదిరించి సొమ్ము గుంజకపోవడం (లూకా 3:10-14). మూడు సంవత్సరాల పఠనక్రమంలో ‘సి’ సంవత్సరపు మూడో ఆదివారానికి, అంటే ఆనందానికి కేటాయించిన ఆదివారానికి, ఈ భాగాన్నే నిర్ణయించడం ఆలోచించదగినది.

3. ఆనందపు ఆదివారం, చెరసాల పాఠాలు:

మూడో ఆదివారాన్ని కతోలిక సంప్రదాయంలో ‘గౌదెతె’ ఆదివారం అంటారు. ‘సంతోషించండి’ అనే అర్థమున్న ఈ లాటిన్ క్రియ ఆనాటి ప్రవేశగీతపు తొలి పదం. ఊదారంగు వస్త్రాలకు బదులు గురువులు గులాబీరంగు వస్త్రాలు ధరించే వీలుంది. ప్రవేశగీతం ఫిలిప్పీయులకు రాసిన పత్రికలోని నాలుగో అధ్యాయం నుంచి తీసుకొన్నది. ఆ పత్రిక రాసినప్పుడు పౌలు బంధకాల్లో ఉన్నాడు. మొదటి అధ్యాయంలోనే ఆ సంగతి చెబుతాడు.

‘ఎ’ సంవత్సరంలో అదే ఆదివారం చదివే సువార్త కూడా చెరసాలకు సంబంధించినదే (మత్తయి 11:2-11). రాబోయేవాడు యేసేనా, లేక మరొకనికోసం కనిపెట్టాలా అని యోహాను చెరలోనుంచి శిష్యుల ద్వారా అడిగిస్తాడు. తెలుగు పాఠంలో ఇక్కడా ‘కనిపెట్టు’ అనే క్రియే వచ్చింది. యేసు జవాబులో గుడ్డివారు, కుంటివారు, చెవిటివారు బాగుపడడం యెషయా 35వ అధ్యాయాన్ని జ్ఞప్తికి తెస్తుంది. ఆ అధ్యాయమే ఆనాటి మొదటి పఠనం. కాని యెషయా 61వ అధ్యాయంలో కనిపించే బందీల విడుదల ఈ జవాబులో లేదు. యోహాను విడుదల కాలేదు. 14వ అధ్యాయంలో అతని శిరచ్ఛేదం జరుగుతుంది. ఆనందించమని చెప్పే ఆదివారం నాడు సందేహంలో ఉన్న ఖైదీ కథను చదవడం వల్ల ఆ ఆనందం వ్యక్తిగత విముక్తికి షరతుగా కట్టుబడినది కాదని తెలుస్తుంది. సందేహాన్ని అది దాచిపెట్టదు. సందేహించినవానిని యేసు నిందించలేదు, పైగా ప్రశంసించాడు.

4. భూతకాలంలో చెప్పిన భవిష్యత్తు:

ఆగమనకాలపు చివరి వారాల పఠనాల్లో ప్రముఖమైనది మరియ స్తుతిగీతం (లూకా 1:46-55). 1 సమూయేలు రెండవ అధ్యాయంలోని హన్నా ప్రార్థనతో దీనికున్న పోలిక ప్రసిద్ధం. 51 నుంచి 53 వరకు ఉన్న వచనాల్లో బలవంతుల పతనం, దీనుల ఉన్నతి, ఆకలిగొన్నవారి తృప్తి, ధనవంతుల రిక్తహస్తాలు వర్ణితమయ్యాయి. ఇక్కడి ఆరు గ్రీకు క్రియలూ ‘ఏయోరిస్టు’ రూపంలో ఉన్నాయి. తెలుగు అనువాదం కూడా వీటిని భూతకాలంలోనే చెప్పింది.

మరియ పాడే నాటికి ఏ సింహాసనమూ కూలలేదు. హేరోదు రాజుగా ఉన్నాడు. శిశువు ఇంకా పుట్టలేదు. ప్రవక్తలు రాబోయేదానిని జరిగినదానిగా చెప్పే పద్ధతి ఇదని కొందరు వ్యాఖ్యాతలు వివరిస్తారు. దేవుని నిత్యస్వభావాన్ని చెప్పే ప్రయోగమని మరికొందరి అభిప్రాయం. ఏ వివరణను స్వీకరించినా ఫలితం ఒకటే. పాడేవారు ఇప్పటి వ్యవస్థను శాశ్వతమైనదిగా అంగీకరించడం లేదు.

5. తొలకరి, కడవరి:

నిరీక్షణపై వచ్చే బలమైన ఆక్షేపణ ఒకటుంది. రేపటి సుఖాన్ని చూపి నేటి అన్యాయాన్ని భరించమనడం పాలకులకు అనుకూలం కదా అన్నది దాని సారం. ‘ఎ’ సంవత్సరపు మూడో ఆదివారం చదివే పత్రికా భాగం (యాకోబు 5:7-10) ఈ ఆక్షేపణకు తావిస్తుంది. ప్రభువు రాకడవరకు ఓపికపట్టమని, తొలకరి, కడవరి వర్షాలకోసం ఎదురుచూసే రైతును చూడమని అది చెబుతుంది.

పఠనం ఏడో వచనంతో మొదలవడం వల్ల దానికి ముందున్నది వినబడదు. నాలుగో వచనంలో పొలాలు కోసిన పనివారికి ఎగవేసిన కూలి మొరపెడుతోందని రచయిత ధనవంతులను హెచ్చరిస్తాడు. గ్రీకు మూలంలో ఏడో వచనం ‘కాబట్టి’ అనే అర్థమున్న పదంతో దానికి ముడిపడి ఉంది. అంటే ఓపిక అనే మాట కూలి ఎగవేత గురించిన ఫిర్యాదు తరువాతనే వచ్చింది. ఆ ఫిర్యాదును రద్దు చేయలేదు. తెలుగు క్రైస్తవుల్లో అధికభాగం వ్యవసాయ కూలీలుగా బతికిన మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవారు. ముందరి వచనాలను విడిచి ఓపికను మాత్రమే బోధిస్తే ఆ శ్రోతల అనుభవం పాఠంలోనుంచి తొలగిపోతుంది. ఇది పఠనవిభజనలోని లోపం. సంఘ కాపరి ప్రసంగంలో పూరించదగిన లోపం కూడా.

రైతు ఉపమానం సైతం నిష్క్రియను సమర్థించదు. విత్తనం వేయనివాడు వానకోసం ఎదురుచూడడు. అతని ఓపిక దున్ని విత్తిన తరువాతి ఓపిక.

6. ముగింపు:

‘నిరీక్షణ’, ‘కనిపెట్టు’ అనే పదాలు ఆగమనకాలపు ఆనందాన్ని ఇంకా కనబడనిదానిపై నిలిపిన చూపుగా నిర్వచిస్తున్నాయి. మూడో ఆదివారపు పాఠాలు ఆ చూపును చెరసాలలోనూ పొలంలోనూ పరీక్షకు పెడతాయి. మరియ గీతం దానికి న్యాయమనే లక్ష్యాన్ని ఇస్తుంది. కనుక ఈ ఆనందం క్రిస్మస్ ఆనందానికి ముందస్తు రూపం కాదు. పండుగను నెల ముందే జరుపుకొనే సంఘానికి సంబరం కొరవడదు. కాని విడుదల కాని యోహానుతో, కూలి అందని పనివానితో కలిసి కనిపెట్టే నాలుగు వారాలు దానికి దూరమవుతాయి.