కింద పనిలో ఉన్న పైరు

తొలకరికి తాండూరు నల్లరేగడిలో విత్తిన కందిచేనిని శ్రావణమాసమున చూచినవారికి కలుగు మొదటి భావము నిరాశయే. అదే దినమున అదే గొర్రుతో విత్తిన పెసర గుబురుకట్టి నేలను కప్పుచుండగా, జొన్న నిలువెత్తు లేచి గాలికి తల యూపుచుండగా, వాని నడుమ సాలులో కంది మాత్రము సన్నని కాడతో, వ్రేళ్లపై లెక్కింపదగిన ఆకులతో, విత్తినవాడే తన్ను మరచిపోయినాడా యన్నట్లు నిలిచియుండును. ఆరు నెలలకు చేరువైన ఆయువు గల పైరు అది. అందు మొదటి నెలన్నర ఇంచుమించు ఇట్లే గడచును.

ఒక కార్యాలయపు దస్త్రముల గదిలో, నా వెనుక చేరినవారు నన్ను దాటి పోవుచుండగా, ఒకే హోదాలో నేను ఏండ్లు గడపిన కాలమున, సెలవు దొరకినప్పుడెల్ల వికారాబాదులో రైలెక్కి తాండూరు దిగి మా చిన్నాయన చేనికి పోవుచుండెడివాడను. ఆ కందిసాళ్లను చూచిన నాకు జాలి కలుగవలసినది, కోపము కలుగుచుండెడిది. "ఎదుగుత లేదేంది చిన్నాయనా?" అని యడిగితిని. ఆయన గుంటక తోలుట ఆపకయే, "పరేషాన్ గాకు కొడుకా, అది కింద పనిల ఉన్నది" అనెను.

ఆ మాట వట్టి ఓదార్పు కాదు. లోతైన నేల దొరకెనా, కంది తల్లివేరు రెండు మీటర్ల వరకు దిగును. వానలు వెనుకబడి, తక్కిన పైరులు వాడిపోవు కాలమున కూడ ఆ లోతులోని తడి దానికొక్కదానికే అందును. వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి దానికి ఆహారముగా నిచ్చుచుండును. ఇంకొక విశేషము గూడ కలదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రములలో జపాను శాస్త్రజ్ఞులును వారి సహచరులును చేసి, 1990లో 'సైన్స్' పత్రికయందు ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఎర్రనేలలయందు ఇనుముతో పెనవేసికొనిపోయి ఇతర పైరులకు చేజిక్కని భాస్వరమును, కంది వేరు పిసిడిక్ ఆమ్లము మొదలగు ద్రవములను స్రవించి విడిపించుకొనగలదు. ఆ తరువాత అదే నేలలో వేసిన పంటకు సైతము అందువలన మేలు కలుగును. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు దాని రుచికి కారణములుగా చెప్పబడినవి కూడ నేల క్రిందివే: నల్లమట్టి, అందలి అట్టపల్గైట్ అను బంకమన్ను, దాని అడుగున సున్నపురాయి. తాండూరు బండలని ఊరూర ఇండ్లలో పరచుకొను ఆ రాయియే అది.

ఆ దస్త్రముల గదిలో నాకును క్రింద పని యొకటి జరిగినది. నిజాము కాలపు సేత్వారులు, పాత పహాణీలు ఉర్దూలో నుండెడివి. చదువగలవారు ఒక్కొక్కరే పింఛను పుచ్చుకొని పోవుచుండిరి. పొద్దుపోక అక్షరములు దిద్దుకొంటిని. తరువాత వంకర వ్రాతలు, అంకెల గుర్తులు, చెరిపి తిరిగి వ్రాసిన పేర్లు మెల్లగా పట్టువడినవి. నేడు భూమి తగవు గలవారు కాగితముల మూట చంకనిడుకొని మా ఇంటికి వచ్చుచున్నారనిన అది ఆ గది పెట్టిన భిక్షయే.

అయితే చిన్నాయన మాట వినుటకు తీయగా నుండును. అందుచేతనే దానిని అన్ని చోట్లను వాడరాదు. కదలని ప్రతి మొక్కయు వేరు దించుచున్నదని ఏ రైతును అనుకొనడు. ఒక ఏట చేనిలో ఒక మూల మొక్కలు తలలు వాల్చినవి. నేల తడిగానే యున్నది. దప్పికగొన్న మొక్కవలె వాడుట ఏమని నేను వింతపడుచుండగా, ఆయన ఒక మొక్కను పెరికి, చాకుతో కాడను నిలువున చీల్చి నా చేతికిచ్చెను. తెల్లగా నుండవలసిన లోపలి కట్టెలో మొదటినుండి పైకి నల్లని చారలు సాగియున్నవి. అది ఎండు తెగులు. నేలలోని శిలీంధ్రము వేరు గుండ చొరబడి నీరెక్కు దారులను మూసివేయును. పంట కోసిన పిదప కూడ మోళ్లలో ఏండ్ల తరబడి బ్రదికియుండును. అచట ఓపిక పనికిరాదు, ఎరువు పనికిరాదు. ఆ నేలలో కొన్నేండ్లు జొన్న వేయవలెను. లేదా తెగులునకు లొంగని విత్తనము తేవలెను. ఇక్రిశాట్ ఎంపిక చేయగా 1986లో కర్ణాటకమున విడుదలయై, సరిహద్దు దాటి మన రైతుల నోటను నానిన 'మారుతి' అట్టిదే.

వెర్రి తెగులు ఇంకను మోసకారి. కంటికి కానరాని నల్లి యొకటి దానిని మోసికొని వచ్చును. అది సోకిన మొక్క ఎండదు, వాలదు; లేతపచ్చని చిన్న చిన్న ఆకులతో గుబురుగా, మిక్కిలి తీరిక లేనట్లు పెరుగుచునే యుండును, పూత మాత్రము రాదు. కార్యాలయములలో ఇట్టివారిని నేను పలువురను చూచియున్నాను. తాము నిలిచిపోయితిమని వారెన్నడును అనుకొనరు.

వేరు దిగిన మొక్కకైనను ఊరక నిరీక్షించుటయే కర్తవ్యము కాదు. విత్తిన నలువది అయిదు, ఏబది దినములకు తలలు తుంచుట అను పని యొకటి కలదు. సాలు వెంబడి నడచుచు, బొటనవ్రేలిగోటికిని చూపుడువ్రేలికిని నడుమ కొసచిగురును పట్టి రెండంగుళముల మేర గిల్లవలెను. కాడ లేతదైన యెడల టప్పున తెగును. నారవలె సాగెనా, వేళ మించినదన్నమాట. మధ్యాహ్నమునకు గోళ్లలో పచ్చని పసరు పట్టి, వ్రేళ్లు జిగటలు కట్టును. ఇప్పుడు బ్యాటరీతో తిరుగు చిన్న యంత్రములు వచ్చినవి గాని, చిన్నాయనకు వానియందు నమ్మకము లేదు. కొసమొగ్గలో పుట్టు ఆక్సిన్ అను రసము క్రిందికి దిగి పక్కమొగ్గలను అణచియుంచును. ఆ కొస పోయిన పిదప నిద్రించుచున్న మొగ్గలన్నియు మేల్కొని కొమ్మలగును. కొమ్మకొమ్మకు పూత, కాయ. తొలిసారి గిల్లునప్పుడు నా చేయి ఆడలేదు. ఇన్నాళ్లకు కాస్త ఎత్తు వచ్చెననుకొన్న మొక్క నెత్తి నేనే విరుచుట యెట్లు? మరుసటి యేడు పదోన్నతి పరీక్షకు దరఖాస్తు పెట్టుట మానివేసితిని. ఉర్దూ కాగితములును, ఈ వారము వారము వ్రాతయు ఆ తరువాతివే.

దీనిని సూత్రముగా ఇతరులకు చెప్పుటకు మాత్రము నాకు ధైర్యము చాలదు. తాండూరు, పరిగి, కొడంగల్ వైపుల నుండి హైదరాబాదునకు పోయి అశోక్‌నగర్‌లో ఇరుకు గదులు తీసికొని చదువు పిల్లలను చూడుడు. 2022 అక్టోబరులో వారు వ్రాసిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రములు బయటికి పొక్కిన వ్యవహారము వలన 2023 మార్చిలో రద్దయ్యెను. ఆ జూనులో తిరిగి వ్రాసినది సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానమున కొట్టివేయబడెను. 2024 ఫిబ్రవరిలో 563 కొలువులకు క్రొత్త ప్రకటన వెలువడి, కథ మొదటికి వచ్చెను. వారి తలలను తుంచినది వారి చేయి కాదు, ఆ వేళ వారెంచుకొన్నది కాదు. పూమొగ్గ తొడిగిన పిదప కొస తుంచిన యెడల పోవునది పూతయే యని చిన్నాయన ఎరుగును.

అట్టి పిల్లవాడొకడు మొన్న తన తాత భూమి కాగితము చదివించుకొనుటకు వచ్చి, మాటలలో నా కందిపురాణమంతయు విని, "మరి నాది వేరా, తెగులా సార్?" అని యడిగెను. నిరుడు చేతగానిది ఈ యేడు నీకు చేతనైనది ఏమున్నదని యడిగితిని. కొంతసేపు ఆలోచించి, చట్టములు, తీర్పులు తానే చదివి అర్థము చేసికొనగలుగుచున్నానని, తక్కిన విషయములలో మాత్రము అవే నోట్సు మరల మరల తిప్పుచున్నానని చెప్పెను. "అంటే రెండూ ఉన్నయి సార్" అని తానే నవ్వెను. లా ప్రవేశపరీక్షకు గడువెప్పుడో అప్పటికప్పుడు ఫోనులో వెదకుచు కూర్చుండెను. నేను అతని తాత పహాణీలో చెరిగిన సర్వే నంబరు మీదికి భూతద్దము జరిపితిని.