స్లరీని పరీక్షించే పద్ధతిలో ఒక లోపం

నల్లకుంట, చిక్కడపల్లి, నారాయణగూడ పేటల క్రింద ఉన్నది గ్రానైటు శిల. 2020లో చిక్కడపల్లి మీదుగా ప్రారంభమైన మెట్రో రైలు కూడ స్తంభాలపైనే నడుస్తున్నది. నీరు ధారాళంగా పారే ఇసుకలో సొరంగం ఎట్లా త్రవ్వుతారన్న ప్రశ్న ఇక్కడి విద్యార్థికి దూరపుదిగా తోచవచ్చు. కాని దానికి మూలమైన విద్య గోదావరి ఒడ్డుననే కనబడుతుంది. పోలవరం వద్ద నది ఇసుకలో డయాఫ్రం గోడ కట్టేటప్పుడు, లోతైన ఇరుకు కందకాన్ని బెంటొనైటు స్లరీతో నింపి, దాని ఆసరాతో అంచులు కూలకుండ నిలుపుతారు. 2018లో పూర్తయిన మొదటి గోడకూ, 2025 జనవరిలో మొదలైన కొత్త గోడకూ ఇదే పద్ధతి.

బెంటొనైటు మట్టి కలిపిన నీరే స్లరీ. కదిలిస్తే పారుతుంది, ఊరక ఉంచితే పెరుగువలె పేరుకొంటుంది. సన్నని ఇసుకలో నీరు ఇంకి, మట్టి రేణువులు పైన పొరగా నిలుస్తాయి. స్లరీ పీడనం ఆ పొరపై ఆని నేలను నిలుపుతుంది. గులకరాళ్లలో పొర కట్టదు. స్లరీయే లోపలికి చొరబడి, పేరుకొనే బలం చేత ఎక్కడో ఆగుతుంది.

ఎంత దూరాన? కందకాలకై జర్మనీలో ఏర్పడిన ప్రమాణ సూత్రం ఉన్నది. స్లరీకి గల అధిక పీడనాన్ని రేణువు వ్యాసంతో గుణించి, స్లరీ బలానికి రెట్టింపుతో భాగించాలి. (నేల బరువులో పదోవంతు ఏ వ్యాసానికన్న సన్నగా ఉండునో, ఆ వ్యాసాన్ని తీసుకొంటారు.) పీడనం 20,000 పాస్కళ్లు, బలం 20 పాస్కళ్లు అనుకొంటే, 0.2 మిల్లీమీటరు ఇసుకలో 10 సెంటీమీటర్లు. 2 మిల్లీమీటర్ల గులకలో ఒక మీటరు! అందుకే పాలిమర్లు, వెర్మిక్యులైటు, ముతక ఇసుక వంటివి స్లరీలో కలిపి చూస్తారు.

బ్రిటిషు ఇంజనీరు జాన్ బార్ట్‌లెట్ 1964లో బెంటొనైటు సొరంగ యంత్రానికి పేటెంటు పొందాడు. ద్రవంతోపాటు కందకపు ఆలోచన కూడ సొరంగంలోకి వచ్చింది. చిక్కు అక్కడే. గొట్టంలో గులక నింపి, పైన స్లరీ పోసి, చివరకు ఎంత దిగిందో కొలిచి, తక్కువ దిగిన మిశ్రమం మేలైనదని తేల్చే వాడుక ఉన్నది. కందకపు అంచు కదలదు, కనుక అక్కడ అది న్యాయమే. సొరంగంలో కోత చక్రం నేలను చెక్కుతూనే ఉంటుంది. నాలుగు బాహువుల చక్రం నిమిషానికి రెండు చుట్లు తిరిగితే, ఒకే చోటికి ఏడున్నర సెకన్లకొకసారి కోత తగులుతుంది. పొర కట్టే వ్యవధి ఏదీ? చివరి లోతు కాదు, మొదటి కొద్ది సెకన్లలో జరిగేది ముఖ్యం. నెదర్లండ్సులో రెండవ హైనెనూర్డ్ సొరంగం త్రవ్వినప్పుడు, యంత్రం నడుస్తున్నంతసేపు ముందరి నేలలో నీటి పీడనం పెరగడం, ఆగినప్పుడు తగ్గడం కొలతలలో కనబడింది. స్లరీ పీడనంలో కొంత నేలకు ఆసరా కాక నీటిలోకి పోతున్నదన్నమాట.

ఇసుక కలపడంలో మరొక తమాషా. స్లరీని తిరిగి వాడుకొనేందుకు త్రవ్విన మట్టిని జల్లెడలతో వేరుచేస్తారు. కలిపిన ఇసుక ఏదో, త్రవ్విన ఇసుక ఏదో జల్లెడకు తెలియదు! గొట్టం పరీక్షలో ఈ ఖర్చు కనబడదు.

అయినను గొట్టం పరీక్షను త్రోసివేయరాదు. పళ్లు అరిగినప్పుడు యంత్రం ఆపి, స్లరీ మట్టం తగ్గించి, సంపీడిత గాలి నింపిన గదిలోకి మనుషులే వెళ్లి మారుస్తారు. అప్పుడు గాలి నేలలోకి పారిపోకుండ కాపాడేది స్లరీ కట్టిన ఆ పొరయే. గాలి పారిపోతే నేల వారిమీదనే పడుతుంది. ఆ గంటలకు నిలకడ పరీక్ష కావాలి, త్రవ్వే గంటలకు సెకన్ల పరీక్ష కావాలి. ఒక్క అంకెతో మిశ్రమాన్ని మెచ్చే నివేదికను ఈ రెండింటిలో ఏది చేశారని అడగాలి.