వయొలిన్ కుర్చీలో పాలకొల్లు మాండలిన్

1970లలో జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ఏ బృందం కట్టినా తన గిటారు పక్కన ఒక వయొలిన్ ఉండేలా చూసుకున్నాడు. 1971లో పుట్టిన మహావిష్ణు ఆర్కెస్ట్రాలో జెర్రీ గుడ్‌మన్, 1974లో అదే పేరుతో కొత్తవాళ్లను చేర్చుకున్నప్పుడు ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్ లూక్ పాంటీ, ఆ తర్వాత శక్తి బృందంలో కర్ణాటక సంగీతం ఇంట్లోనే నేర్చుకున్న ఎల్. శంకర్. జాజ్-రాక్‌కి వయొలిన్ అంతగా పనికొచ్చిందంటే కారణం ఉంది. గిటారు తీగ మీటిన మరుక్షణం నుంచే నాదం తగ్గడం మొదలవుతుంది. వయొలిన్ మీద కమాను నడిచినంతసేపూ స్వరం నిలుస్తుంది, కావాలంటే మధ్యలో పెరుగుతుంది కూడా. డ్రమ్ములూ యాంప్లిఫయర్లూ హోరెత్తే చోట పాడే గొంతు లేని లోటును వయొలిన్ తీర్చింది.

శక్తి బృందం 1990ల చివర రిమెంబర్ శక్తి పేరుతో మళ్లీ కూడినప్పుడు శంకర్ అందులో లేడు. 1997 నాటి తొలి కచేరీల్లో హరిప్రసాద్ చౌరాసియా వేణువు వినిపించింది. ఆ తర్వాత ఆ చోట కూర్చున్నది పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. చేతిలో ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. మీటగానే నాదం ఆరిపోయే వాయిద్యాల్లో మాండలిన్‌ది మొదటి వరస. కమానుకున్న ప్రధాన బలం దానికి బొత్తిగా లేదు. అలాంటిది వయొలిన్ చేసే పనిని అది ఎలా చేసిందన్నదే నాకు ఆయన సంగీతంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించే సంగతి. శ్రీనివాస్ అనగానే వేగం గురించి మాట్లాడేవాళ్లే ఎక్కువ. వేగం ఉన్నమాట నిజమే. ఆ వేగం చేతికి రాని రోజుల్లోనే అంతకన్నా కష్టమైన పని ఒకటి మొదలైంది.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పుట్టారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. గోదావరి జిల్లాల్లో పెళ్లి ఊరేగింపులు చూసినవాళ్లకు క్లారినెట్ గురించి చెప్పనక్కర్లేదు. పొట్టి చేతుల కోటు వేసుకున్న బ్యాండు మేళంలో ముందు నడిచేది అదే. యూరప్ సైనిక బ్యాండ్ల వెంట వచ్చిన ఆ వాయిద్యం మీద త్యాగరాజ కీర్తన వాయించినా, కొత్త సినిమా పాట వాయించినా మన ఊళ్లలో వింతగా చూసినవాళ్లు లేరు. ఆ ఇంట్లో ఒక మాండలిన్ కూడా ఉంది. ఐదారేళ్ల పిల్లాడు దాన్ని తీసి వాయించడం మొదలుపెట్టాడు. వాసూరావు అనే గిటారు వాద్యకారుడి దగ్గర పాశ్చాత్య సంగీతం కూడా కాస్త చెవిన పడింది.

అసలు చదువు రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గర. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్రం మనిషి. మాండలిన్ ఆయనకు రాదు. కాబట్టి ఆయన పాడేవారు, పిల్లాడు విని వాయించేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో, ఏ తీగ మీద ఏ సంగతి పలికించాలో చెప్పేవాళ్లు లేరు. గురువు గొంతులో విన్నది చేతిలో పలికేదాకా పిల్లాడే దారి వెతుక్కోవాలి. వీణ నేర్చుకునే పిల్లలకు గురువు చేతులు చూసే వీలుంటుంది, తరాలుగా వస్తున్న పద్ధతి ఉంటుంది. ఈ పిల్లాడికి గొంతు మాత్రమే ఉంది. శ్రీనివాస్ బాణీలో కనిపించే చాలా విశేషాలకు మూలం ఇదేనని నా అభిప్రాయం. కీర్తన వాయించేటప్పుడు ఆయన మీటు సాధారణంగా సాహిత్యంలో అక్షరం పడే చోటే పడుతుంది. దీర్ఘం ఉన్న చోట రెండో మీటు లేకుండా నాదాన్ని సాగదీస్తారు. పాట తెలిసినవాళ్లు వింటుంటే మాటలు వాటంతటవే నోటికొస్తాయి.

ఇక వాయిద్యం సంగతి. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. ఒక్కో జంటలో రెండు తీగలకూ ఒకే శ్రుతి. పాశ్చాత్యుల పద్ధతిలో ఆ నాలుగు జంటల శ్రుతీ వయొలిన్ నాలుగు తీగల శ్రుతీ ఒకటే, అందుకే ఒకటి వచ్చినవాళ్లకు రెండోదాని మీద వేళ్లు త్వరగా కుదురుతాయి. పోలిక అంతటితో సరి. వయొలిన్‌కు మెట్లు లేవు, వేలు ఎక్కడ ఆనితే అక్కడ స్వరం. మాండలిన్‌కు మెట్లున్నాయి, ప్రతి మెట్టూ ఒక స్వరస్థానం దగ్గర బిగించి ఉంటుంది. తీగ పొడవు సుమారు 14 అంగుళాలు, ఉక్కు తీగ, గట్టి బిగింపు. మీటితే టక్కున మోగి చప్పున ఆగిపోతుంది. ఇటలీవాళ్లు ఈ లోపాన్ని కప్పడానికి ఒకే స్వరాన్ని గబగబా పైకీ కిందికీ మీటుతూ పోతారు. మన పాత సినిమా పాటల్లో వణుకుతూ వినిపించే మాండలిన్ అదే. పాట మధ్యలో ఒక చిన్న ముక్కకు అది చక్కగా సరిపోతుంది. రాగాలాపనకు మాత్రం పనికిరాదు.

ఎందుకు పనికిరాదో తెలియాలంటే తోడి రాగంలో గాంధారం ఒక్కటి తీసుకుంటే చాలు. కాగితం మీద అది సాధారణ గాంధారం. పాడేటప్పుడు మాత్రం అది తన స్థానంలో కూర్చోదు. కింద రిషభం వైపు దిగుతూ, పైన మధ్యమాన్ని అందుకుంటూ ఊగుతుంది. ఆ ఊపే గాంధారం. దాన్ని మెట్టు మీద తిన్నగా మీటితే స్థానం సరైనదే, తోడి మాత్రం రాదు. వైణికులు దీనికి తీగను మెట్టు మీదే పక్కకు లాగుతారు. వీణ తీగ పొడుగు, లాగితే పైకి రెండు మూడు స్వరాలైనా పలుకుతాయి. మాండలిన్ పొట్టి తీగ అంత దూరం రాదు. జంట తీగలైతే ఇంకా చిక్కు. లాగినప్పుడు ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా సాగి రెండూ అపశ్రుతిలో కొట్టుకుంటాయి. మిగిలింది జారు, అంటే వేలిని మెట్ల మీదుగా ఈ స్వరం నుంచి ఆ స్వరానికి నడిపించడం. ఆ నడక పూర్తయ్యేలోపు నాదం ఆగిపోతే గమకం సగంలో తెగిపోతుంది.

శ్రీనివాస్ ఈ చిక్కుముడిని రెండు మార్పులతో విప్పారు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, మొత్తం ఐదు. కింది స్థాయి అందడానికి ఐదో తీగ ఉపయోగపడింది. రెండోది, ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. తీగ కింద అమర్చిన పికప్ సన్నటి కంపనాన్ని కూడా పట్టి యాంప్లిఫయరుకు పంపుతుంది కాబట్టి ఒక్క మీటుతో పుట్టిన నాదం చెవికి చాలాసేపు ఆనుతుంది. ఆ కాస్త వ్యవధిలో ఎడమచేతి వేలు రిషభం నుంచి మధ్యమం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లగలదు. కరెంటు పెట్టిన వాయిద్యంతో కర్ణాటక సంగీతమేమిటని అప్పట్లో ముక్కు విరిచినవాళ్లున్నారు. వాళ్ల చెవికి ఆ కరెంటు పాశ్చాత్య అలంకారంలా తోచింది. నిజానికి ఆ వాయిద్యం మీద గమకం పలకడానికి వీలిచ్చింది ఆ కరెంటే. అది లేకపోతే మాండలిన్ మీద తోడి లేదు.

పరాయి వాయిద్యమన్న అభ్యంతరం మరీ విచిత్రం. ప్రతి కచేరీలోనూ పక్కన కూర్చునే వయొలిన్ ఎక్కడి నుంచి వచ్చింది? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల కాలంలో ఇంగ్లీషువాళ్ల బ్యాండ్ల నుంచి మన చేతికొచ్చింది. రెండొందల ఏళ్లలో అది ఎంత మనదైపోయిందంటే ఏలూరు దగ్గర సోమవరప్పాడులో 1926లో పుట్టిన అన్నవరపు రామస్వామి గారిని వయొలిన్ విద్వాంసుడనే అంటాం, పాశ్చాత్య వాద్యకారుడని ఎవరం అనం. మాండలిన్‌కు అంత కాలం పట్టలేదు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో శ్రీనివాస్ తొలి కచేరీ, 1981లో మద్రాసులో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో అరంగేట్రం. కొద్ది ఏళ్లలోనే సభలవాళ్లు తారీఖుల కోసం ఎదురుచూసే పరిస్థితి వచ్చింది. 1998లో పద్మశ్రీ ఇచ్చారు.

జాజ్ ఆయన దగ్గరికి చాలా ముందే వచ్చింది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి ఆయనకు 14 ఏళ్లు. అక్కడి శ్రోతల్లో కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు ఎందరుంటారు? వాయించింది మాత్రం మన సభల్లో వాయించేదే. శ్రోతలు వదలక మళ్లీ వాయించమన్నారు. జాజ్ వినడం అలవాటైన చెవికి ఒక సౌకర్యం ఉంది. కళాకారుడు అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతుంటే వెంట నడవడం వాళ్లకు తెలుసు. స్వరకల్పనలో ఆవర్తనం తర్వాత ఆవర్తనం పెంచుకుంటూ వెళ్లి ఎత్తుగడ దగ్గర సరిగ్గా దిగడం వాళ్లకు రాగం పేరు తెలియకపోయినా అర్థమవుతుంది.

రియల్ వరల్డ్ సంస్థ ఆయనవి రెండు ఆల్బమ్‌లు విడుదల చేసింది. 1994లో వచ్చిన ‘రామ శ్రీరామ’ శుద్ధమైన కచేరీ ధోరణి. 1995 నాటి ‘డ్రీమ్’ కెనడా గిటారిస్టు, నిర్మాత మైఖేల్ బ్రూక్‌తో కలిసి చేసింది. రెండోదానికి అభిమానులు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం అందులో మాండలిన్ చుట్టూ పొగమంచు ఎక్కువైనట్టనిపిస్తుంది. స్టూడియోలో చేర్చిన ప్రతిధ్వనులు జారు అంచుల్ని చెరిపేశాయి. గమకం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వినపడకపోతే ఈ వాయిద్యం మీద చేసిన శ్రమంతా వృథా. ఆయనను కొత్తగా వినేవాళ్లు ‘రామ శ్రీరామ’తో మొదలుపెట్టడమే మేలు.

రిమెంబర్ శక్తి రికార్డుల్లో ఆ ఇబ్బంది లేదు, అవి వేదిక మీద రికార్డు చేసినవి. 2000లో ‘ది బిలీవర్’, 2001లో ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’. మొదటి దాంట్లో ‘లోటస్ ఫీట్’ అనే మెక్‌లాఫ్లిన్ రచన ఉంది. అదే రచన 1975లో రికార్డయి మరుసటి ఏడు విడుదలైన శక్తి తొలి ఆల్బమ్‌లోనూ ఉంది, అక్కడ వాయించింది శంకర్ వయొలిన్. విళంబంగా సాగే రచన, వేగానికి చోటే లేదు. ఒకదాని వెంట ఒకటి వినండి. శంకర్ కమాను ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా పోతుంది, స్వరం మధ్యలోనే ఊపిరి పెంచుతుంది. శ్రీనివాస్‌కు ఆ పెంపు సాధ్యం కాదు. ప్రతి మీటూ మొదట్లో గట్టిగా ఉండి తర్వాత పలచబడాల్సిందే. అందుకని ఆయన బరువును స్వరం మొదట్లో పెట్టి, నాదం పలచబడే చోట జారును దాచుకుంటారు. ధ్వని తగ్గుతూ ఉంటే అందులోంచి పక్క స్వరం వచ్చి చేరుతుంది. శ్రోత చెవి ఆ తగ్గుదలను పట్టించుకోదు, కదలికను పట్టుకుని పోతుంది.

వేగం ఉన్న రచనల్లో చిక్కు వేరు. గిటారూ మాండలినూ రెండూ మీటే వాయిద్యాలే. పక్కపక్కన పరిగెత్తితే ఏది ఏదో తెలియకుండా కలిసిపోయే ప్రమాదం ఉంది, వయొలిన్ ఉన్నప్పుడు ఈ బెడద లేదు. మెక్‌లాఫ్లిన్ ఈ బృందంలో గుండ్రటి, మెత్తటి ధ్వని ఉన్న ఎలక్ట్రిక్ గిటారు పట్టుకున్నాడు. మాండలిన్ పై స్థాయిలో పదునుగా మోగింది. గిటారు స్వరాలు ఎక్కువగా తిన్నగా నిలిచేవి, మాండలిన్ స్వరాలు ఊగేవి. జాకీర్ హుస్సేన్ తబలా, సెల్వగణేశ్ కంజీరా కింద లెక్క నడిపిస్తుంటే వీళ్లిద్దరూ పెద్ద ఆవర్తనాలతో మొదలై అర, పావు ఆవర్తనాలకు కుదించుకుంటూ ప్రశ్నా జవాబూ వాయించుకుంటారు. ఇది మన తని ఆవర్తనంలో మృదంగమూ ఘటమూ చేసేదే. శ్రీనివాస్‌కు అందులో కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ. మెక్‌లాఫ్లిన్ మాత్రం ఆ లెక్క ఒంటబట్టించుకోవడానికి ఏళ్లు వెచ్చించాడు, ఎస్. రామనాథన్ దగ్గర వీణ కూడా నేర్చుకున్నాడు.

‘ది బిలీవర్’లోని ‘మాయ’ శ్రీనివాస్ రచన. ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’లో శంకర్ మహదేవన్ పాడిన ‘గిరిరాజ్ సుధ’ పేరు వింటేనే తెలుగువాళ్లకు పోలిక తగులుతుంది. బంగాళ రాగంలో త్యాగరాజు చేసిన వినాయకుడి కీర్తన అది. అంతర్జాతీయ వేదిక మీద జాజ్ గిటారిస్టు పక్కన కూర్చుని శ్రీనివాస్ తీసిన సరుకు ఆరాధనోత్సవాల్లో వాయించేదే కావడం ఆయన ధోరణికి తగ్గట్టే ఉంది. ఫ్యూజన్ పేరుతో రాగాన్ని పలచబరిచిన వాయింపు ఆయన దగ్గర నాకు చాలా అరుదుగా వినిపించింది.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో ఆయన చనిపోయారు. 45 ఏళ్లు. తమ్ముడు రాజేశ్ మాండలిన్ మీదే ఆ బాణీని కొనసాగిస్తున్నారు, 2008లో వచ్చిన మెక్‌లాఫ్లిన్ ఆల్బమ్ ‘ఫ్లోటింగ్ పాయింట్’లో ఆయనా వాయించారు.

శక్తి మళ్లీ 2023లో ‘దిస్ మూమెంట్’ విడుదల చేసింది, మరుసటి ఏడాది దానికి గ్రామీ వచ్చింది. అందులో మొదటి రచన పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’. ఆయన చోట ఈసారి గణేశ్ రాజగోపాలన్ కూర్చున్నారు, వయొలిన్‌తో. ‘గిరిరాజ్ సుధ’ కూడా అందులో ఉంది. 2001 నాటి రికార్డునూ దీన్నీ పక్కపక్కన పెట్టి వింటే రాగం అదే, మహదేవన్ గొంతూ అదే. కమాను మీద సంగతులు హాయిగా, తెగకుండా సాగిపోతాయి. అక్షరం పడే చోట తీగ మీద టక్కున తగిలే ఆ మీటు మాత్రం వయొలిన్ దగ్గర దొరకదు.